ఇంట గెలిచి రచ్చ గెలుచుట: ఐరోపా కప్పు మొదటి సంవత్సరపు చరిత్ర

ఆటను గూర్చి పాఠ మేమని మన విద్యార్థులు కొందఱు నవ్వవచ్చును. పరీక్షలకు రాని విషయ మేల యని తల్లిదండ్రులు కొందఱు శంకింపవచ్చును. అయినను చరిత్రయు, భూగోళమును, గణితమును ఒక్కచోట గలిసి నడచు విషయములు అరుదు. అట్టివానిలో ఐరోపా ఖండమందలి ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ యొకటి. నేడు చాంపియన్స్ లీగను పేర లోకమంతయు నెఱిగిన యీ పోటీ 1955వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఐరోపా కప్పను పేర మొదలయ్యెను. ఆ మొదటి సంవత్సరపు కథను మేమీ వ్యాసమున వివరింపబూనితిమి. గెలిచినవారి పేరు చెప్పుట మాత్రమే మా యుద్దేశము కాదు. తామే గొప్పవారమని యొకరు పలికినప్పుడు ఆ మాట నిజమో కాదో తేల్చుటకు న్యాయమైన మార్గ మేది? ఈ ప్రశ్నకు ఆ పోటీ యెట్లు సమాధానము చెప్పెనో చూపవలెనని మా తలంపు.

పోటీ పుట్టిన విధము

ఫుట్‌బాల్ అసోసియేషను అను సంఘము 1863లో లండను నగరమున స్థాపింపబడి ఈ యాటకు నియమములు ఏర్పఱచెను. కావున ఈ విద్యలో తమకు మించినవారు లేరని ఆంగ్లేయులు చిరకాలము నమ్మియుండిరి. 1953 నవంబరు 25వ తేదీన హంగరీ దేశపు జట్టు లండనునందలి వెంబ్లీ మైదానమునకు వచ్చి ఇంగ్లండును 6–3 గోలులతో నోడించెను. మఱుసటి సంవత్సరము మే నెలలో బుడాపెస్టు నగరమున 7–1 గోలులతో మరల నోడించెను. ఈ రెండు దెబ్బలకు ఆ నమ్మకము చెదరిపోయెను.

ఇట్లుండగా 1954 డిసెంబరు 13వ తేదీ రాత్రి, ఇంగ్లీషు లీగు విజేతలగు వుల్వర్‌హాంప్టన్ వాండరర్సు వారు హంగరీ సైన్యపు క్లబ్బగు హోన్వేద్‌ను తమ మోలినో మైదానమున నెదుర్కొనిరి. ఇంగ్లండును ఓడించిన పుష్కాష్, కోచిష్ మొదలగు మేటి యాటగాండ్రు ఈ హోన్వేద్ వారే. విద్యుద్దీపముల వెలుతురున ఆట సాగెను. మొదటి పావుగంటలోనే హోన్వేద్ రెండు గోలులు చేసెను. అయితే నేల బురదగా నుండుటచేత, చిన్న చిన్న పాసులతో బంతిని నడపు హంగరీవారి నేర్పు క్రమముగా సన్నగిల్లెను. రెండవ సగమున వుల్వర్‌హాంప్టన్ వారు మూడు గోలులు చేసి 3–2తో గెలిచిరి. పోయిన పరువు తిరిగి వచ్చినదని దేశమంతయు సంతోషించెను. కొన్ని ఇంగ్లీషు పత్రికలు ఆ జట్టును ప్రపంచ విజేతలని కొనియాడెను.

ఆ మాట పారిసు నగరమున లెకిప్ అను క్రీడాపత్రికలో వ్రాయుచుండిన గాబ్రియేల్ హానోకు రుచింపలేదు. ఆయన పూర్వము ఫ్రాన్సు దేశపు జట్టున ఆడినవాడు, ఆట తెలిసినవాడు. సొంత మైదానమున, సొంత జనుల నడుమ, ఒక్క రాత్రి గెలిచినంతనే ప్రపంచ విజేత యనరాదని ఆయన వాదించెను. వుల్వర్‌హాంప్టన్ వారు మాస్కోకును, బుడాపెస్టుకును పోయి అచ్చటను ఆడవలెను. మిలాన్, మాడ్రిడ్ మొదలగు నగరములందును గట్టి క్లబ్బులు కలవు. కావున ఐరోపా క్లబ్బులకెల్ల ఒక పోటీ కావలెనని ఆయన వ్రాసెను. మన పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలువుమనిరి. హానో వాదమును ఈ నాలుగు మాటలలో చెప్పవచ్చును. ఆయన గొప్పలు చెప్పుకొన్నవారిని నిందించి యూరకుండలేదు. ఆ గొప్పను పరీక్షించు మార్గమును చూపెను. 1955 ఏప్రిల్ నెలలో ఆ పత్రికవారు క్లబ్బుల ప్రతినిధులను పారిసునకు పిలిచి నియమములు నిర్ణయించిరి. అంతకు ముందటి యేడే పుట్టిన యూఏఫా, అనగా ఐరోపా ఫుట్‌బాల్ సంఘముల సమాఖ్య, పోటీ నిర్వహణమును స్వీకరించెను.

ఇట్టి పోటీ అంతకు పూర్వము ఏల జరుగలేదని విద్యార్థు లడుగవచ్చును. ప్రతి క్లబ్బునకును వారాంతమున తన దేశపు లీగు ఆటలు ఉండును. వారము నడుమ ఒకనాడు దూరదేశమునకు పోయి యాడి, శనివారము నాటికి ఇల్లు చేరవలెనన్నచో విమానము కావలెను. పనిదినమున చూపరులు రావలెనన్నచో ఆట సాయంకాలము పిదప జరుగవలెను. దానికి దీపములు కావలెను. ఈ రెండును సమకూడిన కాలముననే హానో ఆలోచన ఫలించెను.

పోటీ పద్ధతి

ఓడినవాడు వెడలిపోవు పద్ధతిని నాకౌటు పద్ధతి యందురు. పదునాఱు క్లబ్బులు రెండేసి చొప్పున జతలై యాడగా ఎనిమిది మిగులును, పిమ్మట నాలుగు, పిమ్మట రెండు, తుదకు ఒకటి. ఒక్కొక్క జతలో ఒక్కొక్కరు తొలగుదురు గనుక, పదునైదుగురిని తొలగించుటకు పదునైదు జతలు చాలును. లీగు పద్ధతిలో వలె ప్రతివారును ప్రతివారితో రెండుసార్లు ఆడవలెనన్నచో 240 ఆటలు కావలెను. నాకౌటు పద్ధతిలో కాలము మిగులును. కాని యొక లోపము కలదు. ఒక్క చెడుదినము, ఒక్క బురదనేల, ఒక్క పొరపాటు చాలును, మంచి జట్టు ఇంటికి పోవుటకు.

ఈ లోపమును తగ్గించుటకే ప్రతి జతయు రెండుసార్లు ఆడునట్లు నియమించిరి: ఒకసారి తన మైదానమున, ఒకసారి ఎదుటివారి మైదానమున. రెండు ఆటల గోలులను కూడగా ఎవరి మొత్తము ఎక్కువయో వారు ముందునకు పోవుదురు. మొత్తములు సమానమైనచో మూడవ ఆట యుండును. ఫైనలు మాత్రము ఒక్కటే యాట. కావున ఆటల సంఖ్య 16, 8, 4, 1 కలిసి 29 అయ్యెను. ఈ నియమములో ఒక నీతి యిమిడియున్నది. నీవు అతిథిని పిలిచితివేని నీవును అతిథివై పోవలెను. నీ వాతావరణము, నీ నేల, నీ జనుల కేకలు నీకెంత బలమో, ఎదుటివానికి వానివి అంత బలమని యొప్పుకొనవలెను.

వచ్చినవారు, రానివారు

1954–55లో ఇంగ్లీషు లీగును గెలిచినది లండనునందలి చెల్సీ క్లబ్బు. దానికి ఆహ్వానము వచ్చెను. స్వీడను దేశపు యూర్గార్డెన్ క్లబ్బుతో జత కూడ కుదిరెను. అయితే తమ లీగు ఆటలకు భంగము కలుగునని లీగు అధికారులు బోధింపగా చెల్సీవారు విరమించుకొనిరి. వారి స్థానమున పోలండు దేశమునుండి గ్వార్డియా అను వార్సా నగరపు క్లబ్బు వచ్చెను. ఎవరి గొప్పను పరీక్షించుటకు ఈ పోటీ పుట్టెనో ఆ దేశమే మొదటి పరీక్షకు రాకపోయెను.

బ్రిటిషు దీవుల పక్షమున స్కాట్లండునందలి ఎడింబరో నగరపు హిబర్నియన్ క్లబ్బు వచ్చెను. ఆ యేడు స్కాటిషు లీగున వీరిది ఐదవ స్థానమే, విజేత అబర్డీన్. ఆ మొదటి సంవత్సరమున నిర్వాహకులు దేశవిజేతలనే గాక, చూపరులను ఆకర్షింపగల క్లబ్బులను ఏరి పిలిచిరి. పిలుపును మన్నించిన హిబర్నియన్ వారు సెమీఫైనలు వఱకు పోయి, తరగతిలో ఐదవవాడైనను ధైర్యముతో పరీక్షకు కూర్చున్నవానికి ఫలము లేకపోదని నిరూపించిరి.

యుద్ధము పిదప పదియేండ్లకు

1955 సెప్టెంబరు 4వ తేదీన పోర్చుగలు రాజధాని లిస్బనునందు మొదటి యాట జరిగెను. లిస్బను స్పోర్టింగ్ క్లబ్బును, యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడునుండి వచ్చిన పార్టిజాన్ క్లబ్బును 3–3 గోలులతో సమముగా నిలిచెను. బెల్‌గ్రేడునందలి రెండవ ఆటలో పార్టిజాన్ 5–2తో గెలిచెను. అందు నాలుగు గోలులు మిలోష్ మిలుతినోవిచ్ అను నొక్క యువకుడే చేసెను. మొత్తము పోటీలో ఎనిమిది గోలులు చేసి అందఱికంటె మిన్న యనిపించుకొన్నవాడు ఈతడే.

ఈ పేరులను చదువునప్పుడు అది యే కాలమో విద్యార్థులు మఱవరాదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి అప్పటికి పది యేండ్లు మాత్రమే. సెప్టెంబరు 14వ తేదీన హిబర్నియన్ వారు జర్మనీ దేశమునందలి ఎసెన్ నగరమున ఆడిరి. క్రుప్ ఉక్కు కర్మాగారముల నిలయమైన ఆ నగరముపై బ్రిటిషు విమానములు యుద్ధకాలమున ఎన్నియో రాత్రులు బాంబులు కురిపించెను. ఇప్పుడు అదే ద్వీపమునుండి పదునొకండుగురు యువకులు బంతి యాడుటకు వచ్చి, ఎసెన్ వారిని 4–0తో నోడించి, మర్యాదగా సెలవు గైకొనిరి. ఎసెన్ వారును ఎడింబరోకు పోయి 1–1తో నాడి వచ్చిరి. ఒక ఆటవలన పగలు మాయమగునని మేము చెప్పము. కాని పగవాని యూరికి ఆయుధము లేక పోయి, ఆతని నియమములకు లోబడి, ఓడినను గెలిచినను చేయి కలిపి వచ్చుట చిన్న అభ్యాసము కాదు.

సార్‌బ్రూకెన్ కథ మఱియొక విధము. జర్మనీ ఫ్రాన్సుల సరిహద్దునందలి సార్ సీమ యుద్ధము పిదప ఫ్రాన్సువారి రక్షణక్రింద వేఱుగా నుండెను. 1955 అక్టోబరు 23వ తేదీన ఆ సీమ ప్రజలు తమ భవిష్యత్తును గూర్చి వోట్లు వేసిరి. తొమ్మిది దినములకే, నవంబరు 1వ తేదీన, వారి క్లబ్బు ఇటలీకి పోయి సుప్రసిద్ధమగు మిలాన్ క్లబ్బును దాని సొంత మైదానముననే 4–3తో నోడించెను. కాని మిలాన్ వారు సార్‌బ్రూకెన్ వచ్చినప్పుడు 4–1తో గెలిచి, మొత్తము 7–5తో ముందునకు పోయిరి. రచ్చ గెలిచినవాడు ఇంట ఓడుటకు ఇది నిదర్శనము. 1957 జనవరి 1వ తేదీన ఆ సీమ పశ్చిమ జర్మనీలో చేరెను.

ఇంట ఆడు భాగ్యమే లేని జట్టును కలదు. యూర్గార్డెన్ వారు గ్వార్డియాను జయించి హిబర్నియన్‌తో జతపడిరి. నవంబరు నెలలో స్వీడను దేశపు చలి ఆటకు అనుకూలింపదు. కావున తమ సొంత ఆటను సైతము వారు స్కాట్లండునందే, గ్లాస్గో నగరమున ఆడవలసివచ్చెను. అందు 3–1తోను, ఎడింబరోనందు 1–0తోను హిబర్నియన్ గెలిచెను. న్యాయమైన నియమము కూడ శీతోష్ణస్థితిని మార్చజాలదు.

మాడ్రిడ్ ఎండ, బెల్‌గ్రేడ్ మంచు

స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ క్లబ్బు స్విట్జర్లండునందలి సెర్వెట్ క్లబ్బును 2–0, 5–0 గోలులతో సులువుగా దాటెను. తరువాతి జత పార్టిజాన్. స్పెయిను సైనికాధికారియగు ఫ్రాంకో పాలనలో నుండెను. యుగోస్లావియా సామ్యవాదియగు టీటో పాలనలో నుండెను. ఈ రెండు ప్రభుత్వములకు నడుమ దౌత్యసంబంధములు లేవు. పైగా పార్టిజాన్ క్లబ్బు యుగోస్లావియా సైన్యమువారిచే స్థాపింపబడినది. అట్టివారు మాడ్రిడునకు వచ్చి 1955 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, ఆడిరి. రాయబారులు కలిసికొనని చోట ఆటగాండ్రు కలిసికొనిరి. మాడ్రిడ్ వారు 4–0తో గెలిచిరి.

నాలుగు గోలుల ఆధిక్యముండగా ఇక భయమేమని యెవరైన అనుకొందురు. 1956 జనవరి 29వ తేదీన మాడ్రిడ్ వారు బెల్‌గ్రేడు మైదానమున అడుగుపెట్టునప్పటికి నేలయంతయు మంచుతో కప్పబడి గడ్డకట్టియుండెను. అలవాటులేని కాళ్లు జాఱెను. పార్టిజాన్ ఒకటి, రెండు, మూడు గోలులు చేసెను. నాలుగవదియు పడినచో మొత్తములు సమమగును. మాడ్రిడ్ వారు ఒక్క గోలైనను చేయలేకపోయినను, తుదివఱకు ఆ నాలుగవ గోలును పడనీయలేదు. 0–3తో ఓడియు, మొత్తము 4–3తో నిలిచిరి.

ఈ ఘట్టమును మేము ముఖ్యముగా ఎత్తిచూపుచున్నాము. ఆనాటి యాట నొక్కదానినే చూచినచో పార్టిజాన్ వారిదే పైచేయి. మాడ్రిడ్‌ను కాపాడినది ఆనాటి ఆట కాదు. అయిదు వారముల క్రిందట, అనుకూలదినమున, చాలునని యూరకుండక చేసిన నాలుగవ గోలు. మూడు గోలులతో తృప్తిపడియున్నచో కథ వేఱుగా నుండెడిది. సంవత్సరారంభమున శ్రద్ధతో చదివిన పాఠము జ్వరముతో వ్రాసిన పరీక్షనాడు అక్కరకు వచ్చునట్లు, మంచిదినపు కష్టము చెడుదినమున మనలను నిలుపును.

సెమీఫైనళ్లు, ఫైనలు

సెమీఫైనలున మాడ్రిడ్ వారు మిలాన్‌ను ఇంట 4–2తో గెలిచి, మిలాన్ నగరమున 1–2తో ఓడి, మొత్తము 5–4తో మరల ఒక్క గోలు తేడాతో బయటపడిరి. రెండవ సెమీఫైనలున ఫ్రాన్సు దేశపు రీమ్స్ క్లబ్బు హిబర్నియన్‌ను 2–0, 1–0తో నోడించెను. అంతకు ముందు హంగరీ క్లబ్బగు వోరోష్ లోబోగోతో రీమ్స్ వారి రెండు ఆటలలో కలిసి పదునాలుగు గోలులు పడెను. 8–6తో రీమ్స్ గెలిచెను.

1956 జూన్ 13వ తేదీన పారిసునందలి పార్క్ దె ప్రాన్స్ మైదానమున ముప్పదియెనిమిది వేలమంది చూపరుల యెదుట ఫైనలు జరిగెను. ఆర్థర్ ఎల్లిస్ అను ఆంగ్లేయుడు రెఫరీ. రీమ్స్ నగరము పారిసునకు దగ్గఱిది గనుక అది వారికి ఇంటి యాటతో సమానము. పది నిమిషములలో లెబ్లాన్, టెంప్లెన్ చెఱియొక గోలు చేసి రీమ్స్‌ను 2–0తో ముందుంచిరి. అర్జెంటీనాలో పుట్టి మాడ్రిడున స్థిరపడిన ఆల్‌ఫ్రెడో డి స్టెఫానో పదునాలుగవ నిమిషమున ఒకటి తిరిగి చేసెను. ముప్పదియవ నిమిషమున హెక్టర్ రియాల్ సమము చేసెను. విరామము పిదప మిషెల్ హిడాల్గో గోలుతో రీమ్స్ మరల 3–2 అయ్యెను. అప్పుడు గోలు చేయుట తన పనికాని మార్కిటోస్ అను రక్షకుడు తన చోటు విడిచి ముందుకుఱికి 67వ నిమిషమున గోలు చేసెను. 79వ నిమిషమున రియాల్ రెండవ గోలు పడెను. రియల్ మాడ్రిడ్ 4–3తో గెలిచెను. నాయకుడు మిగెల్ మున్యోస్ కప్పును స్వీకరించెను.

ఓడిన రీమ్స్ జట్టులోని రేమాన్ కోపాను మఱవరాదు. పోలండునుండి వలసవచ్చిన గనికార్మికుని కుటుంబమున పుట్టి, చిన్నతనమున తానును గనిలో పనిచేసి, ఆటవలన పైకి వచ్చినవాడు. ఆయన మఱుసటి యేట రియల్ మాడ్రిడ్‌లో చేరెను. మాడ్రిడ్ వారు 1960 వఱకు వరుసగా అయిదుసార్లు ఆ కప్పును గెలిచిరి. 127 గోలులు పడిన ఆ మొదటి పోటీని చూచి ఇంగ్లండువారి మనసును మారెను. మఱుసటి సంవత్సరము మాట్ బస్బీ నడపుచుండిన మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు, లీగు అధికారుల హితవును ప్రక్కనబెట్టి, పోటీకి పోయి సెమీఫైనలు చేరెను.

మొదటి ప్రశ్నకు సమాధానము

మరి మోలినో మైదానమున లేచిన ప్రశ్న యేమయ్యెను? వుల్వర్‌హాంప్టన్ వారు ఇంగ్లీషు లీగును మరల గెలిచి ఐరోపా కప్పునకు వచ్చిరి. 1959–60 పోటీలో వారు స్పెయినునందలి బార్సిలోనా క్లబ్బుతో జతపడిరి. బార్సిలోనా నగరమున 0–4తో ఓడిరి. 1960 మార్చి నెలలో మోలినోనందు 2–5తో ఓడిరి. ఆ అయిదింట నాలుగు గోలులు చేసినవాడు షాండర్ కోచిష్; 1954 డిసెంబరులో అదే మైదానమున హోన్వేద్ పక్షమున ఆడి ఓడిన కోచిషే. 1956లో హంగరీయందు జరిగిన తిరుగుబాటు పిదప ఆయన స్వదేశము విడిచి బార్సిలోనా చేరియుండెను.

దీనినిబట్టి వుల్వర్‌హాంప్టన్ వారు తక్కువవారని తలపరాదు. వారు మంచి జట్టే; ఆ 1954 నాటి గెలుపును నిజమైన గెలుపే. తప్పంతయు ఒక్క రాత్రి గెలుపును సర్వలోక విజయమని చాటినవారిది. వారికి వాదముచేత గాక, ఇంటను బయటను జరిగిన ఆటచేత సమాధానము దొరకెను. నేటికిని ఆ పోటీ నాకౌటు మెట్లలో, ఫైనలు మినహా, ప్రతి జతయు రెండు మైదానములందును ఆడుచున్నది. తరగతిలో మొదటివాడ నని, గ్రామమున మేటి నని తలచు ప్రతి విద్యార్థియు తనకు పరిచయములేని నేలపై తన్ను తాను ఒకసారి పరీక్షించుకొనుగాక. గెలిచినచో ఆ గెలుపు గట్టిది. ఓడినచో తన కొలత తనకు తెలియును. రెండును లాభమే.

అభ్యాస ప్రశ్నలు

1. ఈ పద్ధతిలోనే ముప్పదిరెండు క్లబ్బులు ఆడినచో మొత్తము ఎన్ని యాటలగును? ఫైనలు ఒక్కటే యాటగా లెక్కగట్టుడు.

2. ఐరోపా పటమును గీసి లిస్బను, మాడ్రిడ్, పారిసు, మిలాన్, ఎసెన్, ఎడింబరో, బెల్‌గ్రేడు, బుడాపెస్టు, వార్సా నగరములను గుర్తింపుడు.

3. రియల్ మాడ్రిడ్ జట్టు ఈ పోటీలో ఆడిన ఏడు ఆటలలో ఎన్ని గోలులు చేసెను? ఎన్ని గోలులు ఇచ్చెను?

4. మొదటి ఆట ఇంట ఆడుట మేలా, రెండవ ఆట ఇంట ఆడుట మేలా? మాడ్రిడ్, సార్‌బ్రూకెన్ క్లబ్బుల కథల నాధారము చేసికొని మీ యభిప్రాయమును వ్రాయుడు.

5. చెల్సీవారు పోటీకి పోకుండుట తగునా? లీగు అధికారుల పక్షమును, హానో పక్షమును విడివిడిగా చెప్పి, పిమ్మట మీ తీర్పు నిండు.